అవ్వకు పడని గోలీ

నా చేత్తో నేనిచ్చిన గోలీ మింగి ఒక మనిషి చావబోయింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తప్పు నాదని తెలిసి కూడా మరునాటి దాకా నోరు విప్పలేదు. చివరికి ఆ మనిషే నా తరఫున నిజం చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తుకొస్తే నాకు జాలి కలగదు. చీదర కలుగుతుంది.

అవి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ, రోడ్డు పక్కన మూడు గదుల సర్కారు దవాఖాన మాది. ఊరి పేరు ఎందుకులే. నా సొంతూరు మాత్రం ఆ దగ్గరే, ఆలూరు. మిషన్ ఆసుపత్రిలో మూడేళ్లు నర్సు ట్రైనింగు చేసి అక్కడ కొత్తగా చేరాను. ఒక తెల్ల టోపీ, రొమ్ముకు గుచ్చుకునే వాచీ, ఒక సర్టిఫికెట్టు. ఈ మూడింటితో ప్రపంచంలో తెలుసుకోవలసిందంతా తెలిసిపోయిందనుకునేదాన్ని.

డాక్టరు కోస్తా నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు. మా ఎర్రమట్టి తన తెల్ల ప్యాంటు మీద పడటం ఆయనకు పెద్ద శిక్ష. పగలంతా బదిలీ కాగితం కోసం ఎదురు చూసేవాడు, ఆ పని నుంచి తీరిక దొరికినప్పుడు రోగుల్ని చూసేవాడు. చేతకానివాడు కాదు. చదువుకున్నవాడే. కానీ ఆ చదువును మా మీద ఖర్చు పెట్టడానికి మనసొప్పేది కాదు.

ఇక ఆ మనిషి. కనకమామిడిలో మంత్రసాని. యాభై అయిదేళ్లుంటాయి. నల్లగా, పొడుగ్గా, తాటి మొద్దులా గట్టిగా ఉండేది. చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్లలో ఆమె చేతుల మీద పుట్టని వాళ్లను వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు. అందరూ అవ్వ అనే పిలిచేవారు. నాకు మాత్రం ఆమె పొడ గిట్టేది కాదు. మంత్రసానులంటే మురికి గోళ్లు, తుప్పు కొడవళ్లు అని మాకు ట్రైనింగులో నూరిపోశారు. అవ్వ గోళ్లు నా గోళ్లకన్నా శుభ్రంగా ఉండేవని ఆ తర్వాత ఎప్పటికో గమనించాను.

ఒకరోజు పొద్దున ఆమె మోకాళ్లు పట్టుకుని వచ్చింది. డాక్టరు ఏదో మీటింగుకని తాలూకాఫీసుకు వెళ్లాడు. వరండాలో నేనొక్కదాన్నే ఉన్నాను. మోకాళ్లు రెండూ వాచి వేడిగా ఉన్నాయి. కాన్పు చేయడానికి గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవలేకపోతున్నానని, మొన్న ఒక ఇంట్లో బాలింతే తనకు చేయిచ్చి లేపిందని చెప్పింది. చెప్పి, నేను మందుల అలమర వైపు తిరగ్గానే అన్నది:

"బిడ్డా, తెల్ల గోలీ ఇయ్యకు. నాకు పడది. మొకం ఉబ్బుతది, దమ్మొస్తది."

ఇలాంటి మాటలు రోజుకు పది వినేదాన్ని. ఒకరికి సూది వేడి చేస్తుంది, ఒకరికి ఎర్రమందు వాతం చేస్తుంది. ఇదీ ఆ కోవలోదే అనుకున్నాను. పైగా మంత్రసాని నాకు మందుల పాఠం చెప్పడమా అని ఒళ్లు మండింది. మా దగ్గర నొప్పుల గోలీ రెండు రకాల్లో ఉండేది. ఒకటి తెల్లనిది, వట్టి ఆస్పిరిన్. ఇంకోటి గులాబీ రంగుది. అందులో మూడు మందులు కలిసి ఉంటాయి, ఆ మూడింట్లో ఒకటి ఆస్పిరినే. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

"ఇది తెల్లది కాదవ్వా, చూడు" అని గులాబీ గోలీ అరచేతిలో పెట్టి చూపించాను.

ఆమె గోలీ వైపు చూసింది, నా వైపు చూసింది. నమ్మింది. నేనే గ్లాసుతో నీళ్లిచ్చాను. ఇంటికి పోనీయకుండా నా ముందే మింగించాను కూడా.

అరగంట కాలేదు. బెంచీ మీద కూర్చున్న మనిషి చెంపలు గోక్కోవడం మొదలుపెట్టింది. కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. పెదవులు లావెక్కి మాట ముద్దగా వచ్చింది. మెడ మీద, చేతుల మీద బిళ్లల్లా దద్దుర్లు లేచాయి. ఆ తర్వాత ఊపిరి. అది పిల్లనగ్రోవిలా సన్నగా ఈల వేస్తూ లోపలికి పోయేది, బయటికి రావడానికి మాత్రం మొరాయించేది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టడానికి గాలి లేదు.

అలాంటప్పుడు ఊపిరి నిలబెట్టే అడ్రినలిన్ ఇంజెక్షన్ డాక్టరు రాయనిదే ఇవ్వకూడదు, అయినా తీశాను. గాజు సీసా మూతి విరుస్తుంటే వేలు తెగింది. అర సీసీ చేతి చర్మం కిందికి ఎక్కించాను. ఆ కొద్ది నిమిషాలు నేను చేసిన ప్రార్థనలో అవ్వ ప్రాణం ఎంత, నా ఉద్యోగం ఎంత అని అడిగితే జవాబు చెప్పలేను. ఈల మెల్లగా తగ్గింది. డాక్టరు వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని, నోరు తెరిచి, పొడుగ్గా ఊపిరి తీసుకుంటోంది. ఆయన దద్దుర్లకు అవిల్ సూది నాతోనే వేయించి, మంచం మీద పడుకోబెట్టమన్నాడు.

నేను జరిగింది చెప్పాను, కొంచెం వదిలేసి. తెల్ల గోలీ వద్దని ఆమె ముందే అన్న ముక్కను మింగేశాను. ఆయన విసుక్కున్నాడు.

"ఈ పల్లెటూరి వాళ్లు దారిలో ఏం తిని వస్తారో ఎవరికి తెలుసమ్మా. ఏ పురుగో కుట్టి ఉంటుంది."

అని రిజిస్టరులో 'పురుగు కాటు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి నా గుండె కుదుటపడింది. ఇద్దరు చదువుకున్న వాళ్లం కలిసి, అక్కడ లేని ఒక పురుగును పుట్టించి, మా నెత్తిన ఉన్న తప్పును దాని నెత్తిన పెట్టాం.

మరునాడు పొద్దున జీపు వచ్చింది. దాని మీద జెండా ఉంది, లోపల ఆ ప్రాంతపు పటేలు ఉన్నాడు. వెనక ఇరవై మంది.

ఇక్కడొక మాట చెప్పాలి. నేను ఉద్యమాన్ని తప్పు పట్టడం లేదు. కొలువుల్లో మా పిల్లలకు జరిగింది అన్యాయమే. దానికోసం పట్నంలో చదువుకునే పిల్లలు తూటాలకు ఎదురు నిలబడ్డారు. నేను చెప్పేది ఆ పిల్లల పేరు చెప్పుకుని జీపులెక్కిన వాళ్ల సంగతి. ఈ పటేలు మొదట్లో ఇంట్లోనే కూర్చుని గాలి ఎటు వీస్తుందో చూశాడు. ఎటు వీస్తుందో తేలాక జీపుకు జెండా కట్టాడు. ఆయన పొలంలో కూలీలకు ఏనాడూ సరిగ్గా కూలి ముట్టలేదు. అదే నోటితో ఇప్పుడు అన్యాయం, అన్యాయం అని అరుస్తున్నాడు.

ఆంధ్రా డాక్టరు తెలంగాణ ఆడబిడ్డకు విషం పెట్టిండని అప్పటికే చేవెళ్ల దాకా పాకింది. డాక్టరు లోపలి గదిలో కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాడు. పటేలు నేరుగా అవ్వ మంచం దగ్గరికి వచ్చి, ఆమెను జీపులో ఎక్కించుకుపోయి చేవెళ్లలో ఊరేగింపు ముందు కూర్చోబెడతానన్నాడు. ఉబ్బు ఇంకా పూర్తిగా దిగని ఆ ముఖాన్ని జనం చూడాలట. దిగిపోతుందేమోనని ఆయనకు తొందరగా కూడా ఉన్నట్టుంది.

నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. 'ఆయన కాదు, నేను' అంటే సరిపోయేది. నా నాలుక కదల్లేదు. డాక్టర్ని కొడతారేమో అనుకున్నాను, అయినా కదల్లేదు.

అవ్వ మోచేతి మీద లేచి కూర్చుంది.

"పటేలా, ఆ డాక్టరు నన్ను ముట్టనే లేదు. గోలీ ఇచ్చింది ఈ పిల్ల, మన ఆలూరు పిల్ల. నాకు పడదని చెప్పిన, ఇనలే. నేను ఊపిరాడక కొట్టుకుంటుంటే సూదేసింది కూడా గీ పిల్లనే. ఇందుల ఆంధ్రా ఏడున్నది, తెలంగాణ ఏడున్నది?"

అందరూ నా వైపు తిరిగారు. పటేలు మీసం సవరించుకుని, తూటా పేలని తుపాకిని చూసినట్టు నన్ను చూశాడు.

"మన పిల్లనే అయితే ఏదో పొరపాటయి ఉంటది" అన్నాడు.

అంతే. డాక్టరిస్తే విషం, నేనిస్తే పొరపాటు. గోలీ అదే, ఉబ్బిన ముఖం అదే. జీపు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అవ్వకు ఎట్లున్నదని వచ్చిన ఇరవై మందిలో ఒక్కడూ అడగలేదు.

వాళ్లు వెళ్లాక ఆమె మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. తప్పయిందన్నాను. ఆమెకు నా ఏడుపు మీద పెద్దగా ఆసక్తి లేదు.

"తప్పు సంగతి ఎనక మాట్లాడుదాం. మోకాళ్ల నొప్పి నిన్నెట్లున్నదో ఇయ్యాల గట్లనే ఉన్నది. దానికేం చేస్తవు చెప్పు."

నిజమే. ఇంత రభసలో ఆమె ఎందుకు వచ్చిందో అందరం మరిచిపోయాం. చావు తప్పిందని మేం సంబరపడుతున్నాం కానీ, ఆమె మాత్రం వచ్చిన నొప్పితోనే పడుకుని ఉంది.

డాక్టరు ఆ రోజు మొదటిసారి డాక్టరులా ప్రవర్తించాడు. భయం కొందరికి మేలు చేస్తుంది. రిజిస్టరులో 'పురుగు కాటు' కొట్టేసి ఆస్పిరిన్ అని రాశాడు. పెట్టె అడుగు నుంచి లావుపాటి పుస్తకం తీశాడు. అవ్వ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఇంతకు ముందు ఎన్నిసార్లు ఇలా అయింది, ఉబ్బసం ఉందా, ముక్కు మూసుకుపోతుందా అని వరసగా అడిగాడు. నాలుగేళ్ల కింద ఒకసారి, ఆ తర్వాత తలనొప్పి పొడి తిని ఇంకోసారి అయిందట. ముక్కు ఎప్పుడూ బిగుసుకునే ఉంటుందట, పూల వాసన తెలిసి ఎన్నో ఏళ్లయిందట. ఆయన టార్చితో ముక్కులోకి చూసి, ద్రాక్షపండులాంటి కండ ఉందని నన్ను పిలిచి చూపించాడు. ఉబ్బసం, ముక్కులో కండ, ఆస్పిరిన్ పడకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చే మనుషులు ఉంటారని పుస్తకంలో వేలు పెట్టి చదివాడు. ముక్కు గురించి ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాడు.

"మోకాళ్లకని వచ్చి ముక్కు సంగతి చెప్పాల్నని నాకేమెరుక సార్? పడదని చెప్పిందే ఎవ్వలు ఇనలే" అన్నది అవ్వ.

ఆస్పిరిన్ పడని వాళ్లకు దాని వరసలోని నొప్పి మందులు చాలామటుకు పడవని ఆయన చెప్పాడు. కీళ్ల నొప్పులకు అందరూ వాడే ఖరీదు గోలీ వద్దు, అనాల్జిన్ సూదీ వద్దు. నల్లమందు జాతివి మా దవాఖానకు రావు, వచ్చినా రోజూ ఇచ్చేవి కావు. ఇక మిగిలింది పారాసిటమాల్. అప్పటికి మా వైపు అది కొత్త. వాపు తగ్గించదు కానీ నొప్పి తగ్గిస్తుంది, ఇలాంటి వాళ్లలో చాలామందికి కొద్ది మోతాదులో పడుతుంది అన్నాడు. చాలామందికి, అందరికీ కాదు అని రెండోసారి అన్నాడు. చీటీ రాసి నా చేతికిచ్చాడు. అది తెచ్చేదాకా వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకొమ్మని అవ్వకు చెప్పాడు. ఆ పని పదేళ్లుగా చేస్తున్నానని ఆమె అన్నది.

బందు వల్ల పట్నం బస్సులు తిరగడం లేదు. మొయినాబాదు దాకా ఒక ఎడ్లబండి మీద వెళ్లి అక్కడి మందుల దుకాణంలో అడిగాను. దుకాణదారు చీటీ చూడకుండానే తళతళలాడే కాగితం చుట్టిన గోలీలు ముందు పెట్టాడు.

"ఇందుల ఆ ఆస్పిరిన్ గీస్పిరిన్ ఉండది సిస్టర్. కొత్త మాల్, ఫికర్ చేయకు."

కాగితం వెనక చీమ తలకాయలంత అక్షరాలున్నాయి. వెలుతురులో పెట్టి చదివాను. ఎసిటైల్ సాలిసిలిక్ యాసిడ్. ఆస్పిరిన్ అసలు పేరు అదే. తలనొప్పి పొడి తీశాడు, అందులోనూ అదే. ఆకుపచ్చ డబ్బాలో నొప్పుల మలాం తీశాడు. మూత తీస్తే ఘాటుగా కొట్టింది, అదీ ఆ వంశపు నూనే. తండ్రి ఒక్కడే, బజారుకో పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇవన్నీ ఒకటే కదా అన్నాను. ఇన్నేండ్ల నుంచి అమ్ముతున్న, ఎవ్వలు చావలేదన్నాడు. చచ్చినవాళ్లు తిరిగొచ్చి చెప్పరు కదా అనలేకపోయాను. మొన్నటి దాకా నేనూ అదే అమ్మకం చేసిన మనిషిని.

మూడు రోజుల తర్వాత బస్సు కదిలితే పట్నంలో కోఠీకి వెళ్లాను. దారిలో రెండుచోట్ల పోలీసులు ఆపి సంచీలు కుమ్మరించి చూశారు. కోఠీలో నాలుగో దుకాణంలో దొరికింది. అది చిన్నపిల్లల జ్వరాలకు వాడే మందని, ముసలమ్మ మోకాళ్లకు ఏం పని చేస్తుందని దుకాణంలో కుర్రవాడు నవ్వాడు. ఆ రోజుల్లో మందు గురించి తెలియనివాడెవడూ నాకు కనబడలేదు.

తెచ్చిన మందు ఊరికే ఇచ్చేయడానికి డాక్టరు ఒప్పుకోలేదు. పొద్దున్నే అవ్వను పిలిపించాం. సిరంజి మరగబెట్టి, అడ్రినలిన్ నింపి ట్రేలో పెట్టాను. ఆయన గోలీని బ్లేడుతో నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క ఆమె నాలుక మీద పెట్టాడు. తర్వాత ముగ్గురం కూర్చున్నాం. ఆయన వాచీ చూస్తాడు, నేను ఆమె పెదవులు చూస్తాను. పావుగంటకోసారి స్టెతస్కోపు పెట్టి ఊపిరి వింటాడు.

"ఒక్క గోలీ ముక్కకు ఇంత పెండ్లి చేస్తున్నరేంది?" అన్నది అవ్వ.

గంటన్నర గడిచింది. ఏమీ కాలేదు. ఇంకో ముక్క, మళ్లీ నిరీక్షణ. మధ్యాహ్నానికి సగం గోలీ అయింది. మరునాడు మొత్తం. ఆ మరునాడు ఆమె మా వరండాలో గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, తనంతట తాను లేచి చూపించింది. నొప్పి పోలేదని, అయితే పక్కకు జరిగి కూర్చున్నదని చెప్పింది. ఒకసారికి ఒకటి మించి వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒక అట్టముక్క మీద 'ఈమెకు ఆస్పిరిన్, అది కలిసిన మందులు ఇవ్వరాదు, ప్రాణాపాయం' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇచ్చాను. ఆమె దాన్ని వక్కల సంచీలో పెట్టుకుంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ పట్నం నుంచి మంత్రసానికి ప్రమాదం లేని గోలీ తెచ్చారట అని ఊళ్లో తెలిసింది. ప్రమాదం లేనిదంటే గొప్పదని, గొప్పదంటే పెద్దవాళ్లకు చెందాల్సిందని అర్థం చేసుకున్నారు. కరణం భార్యకు నడుము నొప్పి వచ్చింది. స్కూలు పెద్దసారుకు తల నొచ్చింది. ఆఖరికి జీపు కూడా వచ్చింది. ఊరేగింపుల్లో అరిచి అరిచి పటేలుకు గొంతు నొప్పట.

"ఆమెకేమో మంచి గోలీ, మాకు పాత గోలీనా?" అన్నాడు.

"పటేలా, మీకు ఏదైనా పడుతది. ఆమెకు ఇదొక్కటే పడుతది" అన్నాను. డబ్బా నా చేతిలోనే ఉంది, ఇవ్వలేదు.

డాక్టరు లోపలినుంచి వచ్చి, నా చేతిలో డబ్బా తీసుకుని, పది గోలీలు కాగితంలో పొట్లం కట్టి పటేలుకు ఇచ్చాడు. ఆయన్ను నేను క్షమించలేదు. అట్లని ఆయన గోలీని నాలుగు ముక్కలు చేసి రెండు పూటలు వాచీ పట్టుకుని కూర్చున్న సంగతి కూడా మరిచిపోలేదు. మనుషులు ఒక ముద్దలా దొరకరు, అదే పెద్ద బాధ. ఆ రోజు నుంచి మిగిలిన గోలీలను దూది కట్టల వెనక దాచాను.

కొన్ని నెలలకు ఆయనకు బదిలీ అయింది. పెట్టె, పరుపు బండి మీద వేసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో మన ప్రాంతపు డాక్టరే వచ్చాడు. దండలు వేశారు, పటేలు ఉపన్యాసమిచ్చాడు. మన బాధ మనవాడికే తెలుస్తుందన్నాడు.

మొదటి వారంలోనే అవ్వ మోకాళ్ల నొప్పితో వచ్చింది. కొత్త డాక్టరు ఆమె మాట సగం విని గులాబీ గోలీలు రాశాడు. ఆమె వక్కల సంచీలోంచి అట్టముక్క తీసి ఇచ్చింది. ఆయన చదివి నవ్వాడు. ఎవరు రాసిచ్చారని అడిగాడు. నేనేనన్నాను.

"నర్సులు డయాగ్నోసిస్ చేసుడు ఎప్పటిసంది సిస్టర్?"

ఉబ్బసం, ముక్కులో కండ, అడ్రినలిన్ అన్నీ చెప్పాను. పాత రిజిస్టరు తెరిచి పేజీ చూపించాను. ఆంధ్రోళ్లు రాసిందంతా నమ్ముతవా అని మూసేశాడు. చీటీ మీద గులాబీ గోలీలు అట్లాగే ఉన్నాయి. నేను చీటీ తీసుకుని అలమర దగ్గరికి వెళ్లి, దూది వెనక చేయి పెట్టి, పారాసిటమాల్ పొట్లం కట్టి అవ్వకు ఇచ్చాను. ఆయన తల ఎత్తలేదు. అవ్వ పొట్లం విప్పి, రంగు చూసి, మళ్లీ మడిచి బొడ్లో దోపుకుంది.

మూడేళ్లు అట్లా నడిచింది. ఆయన ఒకటి రాసేవాడు, నేను ఇంకోటి ఇచ్చేదాన్ని. పట్నం వెళ్లినప్పుడల్లా నేనే తెచ్చేదాన్ని. చిన్నప్పుడు సండే స్కూల్లో అబద్ధం పాపమని నేర్చుకున్నాను. ఆ అబద్ధానికి మాత్రం ఏనాడూ క్షమాపణ కోరి మోకరించలేదు. నలిగిపోతే అట్టముక్క మళ్లీ రాసిచ్చేదాన్ని. కాన్పు కష్టమైతే ఆమె నన్ను పిలిపించేది, ఆమె చెప్పినట్టు నేను చేసేదాన్ని. ఆమె మాట వినడం అప్పటికి అలవాటైంది.

తాలూకా డాక్టర్ల మీటింగులో మా డాక్టరు, తన చికిత్సతో ఒక ముసలి మంత్రసాని మోకాళ్లు కుదుటపడ్డాయని, అలర్జీ అంతా ఉత్త భ్రమ అని చెప్పి మెప్పు పొందాడని తెలిసింది. అవ్వతో చెప్పాను. మళ్లీ ఎవరికైనా అట్లాగే ఇచ్చి చంపుతాడన్నాను. ఆమె వక్క కొరికి అడిగింది:

"ఆయనకు చెప్తే ఇంటడా?"

వినడన్నాను.

"మరి మందిచ్చేది నువ్వే గదా. వచ్చినోళ్లను నువ్వడుగు, ఏది పడది అని. ఆయన అడిగేదాంక ఆగకు."

అని గోడ పట్టుకుని లేచి, ఎవరో కనకమామిడి కోడలికి పొద్దుటి నుంచి నొప్పులొస్తున్నాయని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ దవాఖానలో పనిచేసినన్నాళ్లూ, గోలీ చేతిలో పెట్టే ముందు అడుగుతూనే ఉన్నాను. అవ్వలాంటివాళ్లు నలుగురు దొరికారు.